గాజు పలక వెనక నుంచి గుప్పిట్లోకి

మా అమ్మ పెళ్లికి ముందు, 1986లో, గడులు గడులుగా నేసిన తెల్లటి మ్యాటీ గుడ్డ మీద రెండు హంసలు కుట్టింది. నీలం నీళ్లు, ఎర్ర ముక్కులు, చుట్టూ చిన్న పూల అంచు. అంతా క్రాస్ స్టిచ్చే, అంటే ఒక్కో గడిలో రెండు ఐమూల గీతలు ఒకదాని మీద ఒకటి అడ్డంగా వేసే కుట్టు. కాకినాడలో ఫ్రేము కట్టించి పెళ్లి సామానుతో పాటు అత్తవారింటికి తెచ్చుకుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆ హంసలు మా ముందు గదిలో, గడియారం కింద, గాజు వెనక ఉన్నాయి. ముప్పై ఏళ్లకు పైగా రోజూ చూశాను. ఒక్కసారి కూడా ముట్టుకోలేదు.

హైదరాబాదులో ఇల్లు మారుతున్నప్పుడు ఆ గాజు పగిలింది. పెంకులు ఏరేసి, మేకులు ఊడదీసి చూస్తే, ఫ్రేము కట్టినాయన గుడ్డను అట్టకు బంకతో అంటించేశాడని తెలిసింది. ఆ బంక పాతబడి, హంసల మెడల దగ్గర పసుపు మరకలై పైకి తేలింది. గుడ్డను అట్ట నుంచి విడదీయబోతే పోగులు తెగుతున్నాయి. అమ్మ పక్కన కూర్చుని, వేళ్లతో నీలం నీళ్ల మీద తడిమింది. “ఇది ఇంత గరుగ్గా ఉంటుందని మరిచిపోయానే” అంది. కుట్టిన మనిషి తన కుట్టును తాకడానికి గాజు పగలాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి నాలో ఒక వాదన పెరుగుతూ వచ్చింది. దాన్నే ఇక్కడ రాస్తున్నాను.

మన ఇళ్లలో క్రాస్ స్టిచ్ నేర్చుకున్న ఆడవాళ్లు వేలల్లో ఉన్నారు. బడిలో కుట్లు అల్లికల పీరియడు ఉన్న రోజుల్లో నేర్చుకున్నవాళ్లు, వేసవి సెలవుల్లో పక్కింటి పిన్నిగారి దగ్గర నేర్చుకున్నవాళ్లు, ఇప్పుడు ఫోనులో చూసి నేర్చుకుంటున్నవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది పని ఒక్క చోటే ఆగుతుంది. ఆఖరి గడి నిండగానే గుడ్డను ఫ్రేము దుకాణానికి ఇచ్చేస్తారు, లేదంటే మడిచి బీరువాలో పెడతారు. రెండు నెలలు గడులు లెక్కపెట్టి, దారాలు ఎంచి, కళ్లు నొప్పెట్టేలా కుట్టిన మనం, ఆ గుడ్డ చివరికి ఏ రూపం తీసుకోవాలన్న నిర్ణయాన్ని మాత్రం ఇంకొకరి చేతిలో పెడుతున్నాం. ఆ రూపం ఎప్పుడూ ఒకటే: నాలుగు కర్రలు, ఒక గాజు, ఒక మేకు. నా మాట ఏమిటంటే, కుట్టు పూర్తయ్యేది ఆఖరి గడితో కాదు, గుడ్డకు ఆకారం ఇవ్వడంతో. ఆ సగం పనిని మనమే చేయాలి. అది చేయడం నేర్పే వస్తువులు చిన్నచిన్న బొమ్మల్లాంటివి ఉన్నాయి. గుప్పిట్లో పట్టేవి, వేలాడదీసేవి, సూదులు గుచ్చేవి, తాళాల గుత్తికి కట్టేవి.

నేను మొదట చేసింది బిస్కోర్న్యూ. ఇది ఫ్రెంచి మాట. వంకరటింకరగా, ఒక తీరులో ఇమడకుండా ఉన్నదాన్ని ఆ భాషలో అలా అంటారు. చూడటానికి ఎనిమిది మూలలున్న చిన్న దిండు. పైనా కిందా మధ్యలో ఒక్కో గుండీ, ఆ గుండీల దగ్గర లోతుగా నొక్కుకుపోయిన గుంట. దాన్ని ఫొటోలో మొదటిసారి చూసినప్పుడు ఇందులో ఎన్ని ముక్కలు ఉన్నాయో అర్థం కాలేదు. ఎనిమిది త్రికోణాలు కోసి కలిపారేమో అనుకున్నాను. నిజానికి ఉన్నవి రెండే ముక్కలు. రెండూ మామూలు చదరాలు.

కిటుకంతా కలిపే చోట ఉంది. రెండు చదరాలను మూలకు మూల ఆనించి కుడితే మామూలు దిండు వస్తుంది. బిస్కోర్న్యూలో ఒక చదరపు మూల రెండో చదరపు అంచు నడిమికి వస్తుంది. ముగ్గులు వేసేవాళ్లకు ఇది ఒక్క మాటలో చెప్పొచ్చు. మూలకు మూల కలిపితే ఎదురు చుక్క. మూలను నడిమికి కలిపితే సందు చుక్క. ‘పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు, సందు చుక్క’ అని ముగ్గుల పుస్తకంలో చదివి, రెండు చుక్కల మధ్య ఖాళీకి ఎదురుగా మూడో చుక్క పెట్టడం తెలిసిన ప్రతి చేతికీ ఈ కొలత తెలుసు. అమ్మకు నేను పది వాక్యాల్లో వివరించబోతుంటే, గుడ్డలు రెండూ చేతిలోకి తీసుకుని, “సందు చుక్కలా పెట్టాలి, అంతేగా” అంది. అప్పటి నుంచి నేనూ అలాగే చెబుతున్నాను.

కొలత గురించి కాస్త నిదానంగా చెప్పాలి. ఎందుకంటే ఇక్కడే చాలామంది తడబడి వదిలేస్తారు. అంగుళానికి పద్నాలుగు గడులున్న గుడ్డ తీసుకుందాం. నలభై గడుల చదరం అంటే ఏడు సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. ఆ చదరం చుట్టూ, గడికి ఒక కుట్టు చొప్పున, వెనక కుట్టుతో, అంటే బ్యాక్ స్టిచ్‌తో, గీత వేయాలి. ఒక్కో అంచుకు నలభై కుట్లు, మొత్తం నూట అరవై. రెండో చదరానికీ అంతే. గీతకు బయట ఏడెనిమిది గడులు వదిలి గుడ్డను కత్తిరించి, ఆ అంచును గీత వెంబడి లోపలికి మడవాలి. ఇక కలిపేటప్పుడు సూది గుడ్డలోకి దిగనే దిగదు. ఇటువైపు గీతలోని ఒక కుట్టు కిందికి, అటువైపు గీతలోని ఒక కుట్టు కిందికి దూరి, దారాన్ని చుట్టి పైకి వస్తుంది. కుట్టుకు కుట్టు జత. అందుకే లెక్క తప్పితే వెంటనే తెలుస్తుంది. ఇరవై జతలు కాగానే ఒక మూల వస్తుంది. అక్కడ గుడ్డ మలుపు తిరుగుతుంది. మళ్లీ ఇరవై, మళ్లీ మలుపు. అతుకు సూటిగా పోదు, కొండెక్కి దిగినట్టు పైకీ కిందికీ ఎనిమిది సార్లు వంగుతుంది.

రెండు మూడు మలుపుల వరకు చేతిలో ఉన్నది ముడతలు పడ్డ గుడ్డే. నాలుగో మలుపు దగ్గర అది ఉన్నట్టుండి దొప్పలా లేస్తుంది. మనం ఏమీ లాగలేదు, వంచలేదు, లెక్క ప్రకారం కుట్టుకుంటూ వచ్చాం. ఆ లెక్కే గుడ్డను నేల మీది నుంచి లేపింది. ఇన్నేళ్లుగా క్రాస్ స్టిచ్ కుడుతున్నా, నేను వేసిన కుట్టుకు ఇంత బలం ఉందని నాకు తెలియదు. బొమ్మ కుట్టేటప్పుడు ఒక గడి తప్పితే హంస ముక్కు కొంచెం వంకర అవుతుంది, అంతే. ఇక్కడ ఒక గడి తప్పితే ఆకారమే నిలవదు. కుట్టు అలంకారం స్థానం నుంచి ఎముక స్థానానికి వచ్చింది. నా వాదనకు మూలం ఈ అనుభవమే.

సరి, బేసి సంగతి ఒకటి ఉంది. నలభై సరి సంఖ్య కాబట్టి అంచుకు కచ్చితమైన నడిమి దొరుకుతుంది. కానీ నడుమ ఒక పువ్వో, నక్షత్రమో ఉన్న చాలా నమూనాలకు మధ్యలో ఒక్క గడి ఉంటుంది. అంటే అవి బేసి లెక్కవి. నా మొదటి చదరాలు నలభై మూడు గడులవి. నడిమి కోసం వెతికితే అది ఒక కుట్టు మధ్యలో పడుతోంది. రెండు రోజులు ఆ గుడ్డలు పక్కన పడేశాను. తర్వాత తెలిసిందేమిటంటే, ప్రతి మూలకూ ఒకవైపు ఇరవై ఒకటి, ఇంకోవైపు ఇరవై రెండు వచ్చేలా ఒకే క్రమంలో కుట్టుకుంటూ పోతే ఎనిమిది మలుపులూ సరిగ్గా కలుస్తాయి. పైముఖం, కింది ముఖం ఒకదానికొకటి అర గడి మేర తిరిగి ఉంటాయి. కంటికి తెలియదు. మొదలుపెట్టిన క్రమం మధ్యలో మారిస్తే మాత్రం చివర ఒక కుట్టు మిగిలిపోతుంది.

గుడ్డ కొనేటప్పుడు ఇంకో పరీక్ష చేయండి. మన దుకాణాల్లో దొరికే మ్యాటీ గుడ్డ అన్నిసార్లూ పడుగుకూ పేకకూ ఒకే లెక్కలో నేసి ఉండదు. నిలువునా అంగుళానికి పన్నెండు గడులు, అడ్డంగా పదకొండే ఉండవచ్చు. గోడ మీది బొమ్మలో అది బయటపడదు, హంస కాస్త వెడల్పుగా కనిపిస్తుంది. బిస్కోర్న్యూలో దాగదు. నలభై గడుల చదరం నిజానికి చదరం కాదు కాబట్టి, పొడవు అంచు సగం వెళ్లి పొట్టి అంచు సగంతో జతపడాల్సి వస్తుంది. ఎనిమిది మలుపుల్లో నాలుగింటి దగ్గర గుడ్డ ముడుచుకుంటుంది. రెండో చదరాన్ని ఎటు తిప్పి పెట్టినా ఇదే జరుగుతుంది. స్కేలు పెట్టి రెండు వైపులా లెక్కపెట్టి, సమంగా ఉంటేనే కొనాలి.

లోపల ఏం నింపాలన్నది నేను చాలా ఆలోచించిన విషయం. మొదట బూరుగు దూది నింపాను. మెత్తగా ఉంది, కానీ నెల తిరిగేసరికి ఒక మూలకు చేరి ఉండలు కట్టింది. ఎనిమిది మూలలూ నిలబడాలంటే ముందు మూలల్లోకి చిటికెడు చిటికెడు చొప్పున, పెన్సిలు వెనక వైపుతో నెట్టి, ఆ తర్వాత నడుమ నింపాలి. ఇప్పుడు దిండ్లలో నింపే పాలిస్టరు దూది వాడుతున్నాను, అది ఉండ కట్టదు. సూదులు గుచ్చుకోవడానికి చేసేవాటిలో ఉన్ని ముక్కలు మేలు. మామూలు దూదికి తేమ పట్టే గుణం ఉంది, వానాకాలంలో సూదులు తుప్పు పడతాయి. బరువు కోసం బియ్యం పోయమని కొందరు చెబుతారు. మన వాతావరణంలో ఆ పని చేయకండి, పురుగు పడుతుంది.

ఆఖరున గుండీ. దాని కోసం పొడవైన సూదులు అమ్ముతారు, అవి దొరక్కపోతే గోనెసంచులు కుట్టే దబ్బనం చాలు. నడిమి గడిలోంచి గుచ్చి, అవతల నడిమి గడిలోంచి తీసి, పై గుండీ, కింది గుండీ కలిపి గట్టిగా లాగాలి. లాగిన కొద్దీ మధ్య భాగం గుంట పడి, మూలలు ఉబికి, గుమ్మడికాయ తొడిమ చుట్టూ ఉన్నట్టు వంపులు తేలతాయి. ఎంత లాగాలన్నది చేతికి తెలియాలి. చెప్పి నేర్పలేం.

ఒక జాగ్రత్త నేను నష్టపోయి నేర్చుకున్నాను. రెండో బిస్కోర్న్యూ ఎరుపు, తెలుపు. వారం రోజుల పని. పూర్తయ్యాక చేతి మురికి పోవాలని సబ్బు నీళ్లలో ముంచాను. చవకగా వచ్చిందని కొన్న ఎర్ర దారం రంగు వదిలింది. తెల్ల గుడ్డంతా గులాబి అయింది. లోపలి దూది ఆ రంగు నీటిని పీల్చుకుని మూడు రోజులు ఆరకుండా, ఆరుతూ మరకలు వేసింది. ఉతకడం, రంగు పరీక్షించడం, తువ్వాలు మీద బోర్లా పెట్టి ఇస్త్రీ చేయడం, ఇవన్నీ గుడ్డ బల్లపరుపుగా ఉన్నప్పుడే అయిపోవాలి. ముఖ్యంగా ఎరుపు దారాన్ని కుట్టక ముందే ఒక ముక్క తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూడాలి.

కుట్టు దిశ సంగతి కూడా ఇలాంటిదే. క్రాస్ స్టిచ్‌లో పై గీత అన్ని గడుల్లోనూ ఒకే వైపుకు ఉండాలని నేర్పుతారు. ఎందుకని అడిగితే ‘అందం’ అంటారు. గోడ మీది బొమ్మకు వెలుతురు ఒక వైపు నుంచే పడుతుంది కాబట్టి అక్కడక్కడా దిశ మారినా పెద్దగా తెలియదు. గుండ్రంగా ఉన్నదాన్ని చేతిలో తిప్పుతుంటే వెలుతురు ప్రతి క్షణం మారుతుంది. దిశ తప్పిన గడి ఒక కోణంలో ఎలాగూ మెరుస్తుంది. ఆ నియమం ఎందుకో నాకు బిస్కోర్న్యూ తిప్పి చూశాకే అర్థమైంది.

మిగిలిన ఆకారాల గురించి ఇంత వివరం అక్కర్లేదు. ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి, ఎందుకంటే అది పిల్లలతో కూడా చేయించవచ్చు. ఫ్రాన్సులో బెర్లింగో అనే చిన్న మిఠాయి ఉంది. నాలుగు త్రికోణ ముఖాలతో ఉంటుంది. కుట్టేవాళ్లు ఆ ఆకారాన్ని తీసుకున్నారు. స్వీడన్‌లో 1950లలో వచ్చిన మొదటి టెట్రాపాక్ పాల ప్యాకెట్లదీ ఇదే ఆకారం, ఆ సంస్థ పేరు వచ్చింది కూడా దాని నుంచే. చేయడం సులువు. ఒక పొడవాటి ముక్కను గొట్టంలా కుట్టాలి. ఒక మూతిని అడ్డంగా నొక్కి కుట్టేయాలి. నింపి, రెండో మూతిని దానికి అడ్డదిశలో, నిలువుగా నొక్కి కుట్టాలి. అంతే, నాలుగు ముఖాలు వస్తాయి. అన్ని ముఖాలూ సమంగా రావాలంటే ఎనభై గడుల పొడవు, ముప్పై అయిదు గడుల ఎత్తు ఉన్న ముక్క కావాలి. అప్పుడు ప్రతి అంచూ దాదాపు నలభై గడులు అవుతుంది. నేను కాగితం మీద లెక్క వేసుకుని, ముందు వార్తాపత్రిక ముక్కతో చేసి చూసి, ఆపైన గుడ్డ కత్తిరించాను.

ఆరు చదరాలతో చేసే ఘనం ఉంది. బాగుంటుంది, కానీ మూలలు నిలవాలంటే లోపల అట్ట పెట్టాలి, అట్ట పెట్టాక చేతికి గుడ్డ తగలదు. అట్టకు రెండు వైపులా గుడ్డ తొడిగి, చుట్టూ తాడు కుట్టి వేలాడదీసేవీ చాలామంది చేస్తారు. వాటిని నేను ఈ కోవలో చేర్చను. అవి తాడు కట్టిన ఫ్రేములే.

ఇదంతా పరాయి దేశాల వేడుక అని ఎవరైనా అనవచ్చు. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే బంతులు, నక్షత్రాలు అక్కడి పండుగకు పుట్టినవే. మన ఊళ్లలో డిసెంబరు నెలలో గుమ్మానికి నక్షత్రం కట్టే ఇళ్లకు అవి పరాయివి కావు కూడా. కానీ కుట్టిన గుడ్డ గోడ ఎక్కకుండా మనిషి ఒంటి మీద, చేతిలో ఉండటం మన నేలకు ఎప్పటి నుంచో తెలుసు. లంబాడీ స్త్రీలు నీళ్ల బిందె కింద తలమీద పెట్టుకునే చుట్టకుదురును గవ్వలతో, రంగుల కుట్టుతో అలంకరిస్తారు. బరువు మోసే వస్తువు అది. గుడ్డ చదరం మూలలను మధ్యకు మడిచి కుట్టిన సంచులూ వాళ్ల దగ్గర ఉన్నాయి, ఒక బల్లపరుపు ముక్క మడతతోనే వస్తువవుతుంది. పక్కనే కన్నడ సీమలో కసూతి ఉంది. అందులోని నాలుగు కుట్లలో ఒకటైన మెంతి, మన క్రాస్ స్టిచ్చే, మెంతిగింజలా కనిపిస్తుందని ఆ పేరు. అది చీర మీద ఉంటుంది, చీరతో పాటు నడుస్తుంది. ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో 1779లో మొదలైన అక్వర్త్ పాఠశాల అమ్మాయిలు అల్లిన, గుండుసూదులు గుచ్చుకునే బంతులు కూడా గోడకు కాదు, నడుముకు వేలాడేవి. ఎక్కడ చూసినా పాత పద్ధతి ఒకటే. గుడ్డను గాజు వెనక పెట్టడమే కొత్త అలవాటు.

నమూనాల కోసం కూడా దూరం పోనక్కర్లేదు. ముగ్గులు ఉన్నాయి. అయితే అన్ని ముగ్గులూ గడుల్లో ఒదగవు. సందు చుక్కల ముగ్గులో గీతలు వాలే కోణం చదరపు గడులకు కుదరదు, సాగినట్టో నొక్కినట్టో వస్తుంది. మెలికల ముగ్గు వంపులు మెట్లు మెట్లుగా విరుగుతాయి. ఎదురు చుక్కల గీతల ముగ్గులు మాత్రం, అడ్డం, నిలువు, ఐమూల గీతలతో నడిచేవి, దాదాపు మార్పు లేకుండా గుడ్డ మీదికి వస్తాయి. కాబట్టి నా పద్ధతి ఇది: ముఖాల మీద ఎదురు చుక్క ముగ్గు, అతుకు దగ్గర సందు చుక్క. నిరుడు సంక్రాంతికి బొమ్మల కొలువులో కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల మధ్య కింది మెట్టు మీద ఇలాంటివి అయిదు పెట్టాను. పేరంటానికి వచ్చిన పిల్లలు చెక్క బొమ్మలను చూశారు. వీటిని చేతిలోకి తీసుకున్నారు. ఎవరూ తీసుకోమని చెప్పలేదు. గుండ్రంగా, మెత్తగా ఉన్నదాన్ని చూస్తే పిల్లల చేయి దానంతట అదే పోతుంది.

“ఇది దేనికి పనికొస్తుంది?” ఈ ప్రశ్న నాకు ప్రతి పేరంటంలోనూ ఎదురవుతుంది. సూదులు గుచ్చుకోవచ్చు, కత్తెరకు కట్టుకోవచ్చు అని మొదట్లో జవాబు చెప్పేదాన్ని. ఇప్పుడు చెప్పడం లేదు. గోడ మీది హంసలను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. ఫ్రేము కట్టగానే అది ‘కళ’ అయింది, పనికొస్తుందా అని అడగక్కర్లేని చోటుకు పోయింది. చేతిలోకి తీసుకునేది అయ్యేసరికి ఉపయోగం చూపించమంటున్నాం. చేతికి హాయిగా తగలడం ఉపయోగమేనని నేను నమ్ముతాను. పరీక్షల రోజుల్లో మా పిన్ని కూతురు నా బెర్లింగోను ఎడమ చేతిలో పట్టుకుని చదువుకునేది. అది ఉపయోగం కాదని ఎవరు చెప్పగలరు?

రెండో ప్రశ్న ధర. ఒకావిడ చూసి ముచ్చటపడి, పది కావాలి, ఒక్కోదానికి నూట యాభై ఇస్తానని అడిగారు. నేను లెక్క చెప్పాను. పైముఖంలో దాదాపు ఎనిమిది వందల గడులు, కింది ముఖంలో మూడు వందలు. నా చేయి గంటకు నూట యాభై గడులు కుడుతుంది. అంటే ఏడు గంటల పైచిలుకు. గీతల కుట్లు మూడు వందల ఇరవై, వాటికి గంటన్నర. కలపడం, నింపడం, గుండీ మరో గంట. మొత్తం పది గంటలు. గంటకు పదిహేను రూపాయలు, దారం, గుడ్డ ఖర్చు కాకుండా. ఆవిడ నొచ్చుకుని, “ఇంట్లో ఖాళీగా ఉన్నప్పుడు చేసేదే కదమ్మా” అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఆ మాట మన ఊళ్లలో గాలిలా ఉంది. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల గురించి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో ప్రచురించిన అధ్యయనం సరిగ్గా ఈ మాటనే పట్టుకుంది. విదేశాలకు ఎగుమతయ్యే సరుకును అల్లుతున్న ఆడవాళ్లను ఇంటి ఇల్లాళ్లుగా, వాళ్ల పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టడం వల్ల కూలి ఎంత తక్కువకు పడిపోతుందో ఆమె చూపించారు. ఆ లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. గుర్తింపు సరుకుకు వచ్చింది, గంటలకు ఇంకా రావాలి. అందుకని నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. ఇవ్వాలనిపించిన వాళ్లకు ఊరికే ఇస్తాను. అమ్మితే గంటల లెక్కన అమ్ముతాను. రెంటికీ మధ్య ధర ఒప్పుకోను. నాలా చేసేవాళ్లు తక్కువ ధరకు ఒప్పుకుంటే, అది పొట్ట గడవడానికి కుట్టే ఇంకొకరి కూలిని కిందికి లాగుతుందని కూడా చెప్పదలచుకున్నాను.

నా వాదనకు ఎదురు చెప్పేవాళ్ల మాటల్లో నిజం ఉన్నచోట ఒప్పుకుంటాను. అరవై రంగులతో కుట్టిన వేంకటేశ్వరస్వామి మూర్తిని ఎవరూ దిండు చేయరు, చేయకూడదు. అలాంటి బొమ్మ నాలుగడుగుల దూరం నుంచి చూస్తేనే గడులు కరిగి ముఖం తేలుతుంది, దానికి గోడే చోటు. దానికీ ఫ్రేము కట్టే పద్ధతి ఉంది. బంక వేయకుండా, గుడ్డ అంచులను అట్ట వెనకకు మడిచి, దారంతో అటూ ఇటూ లాగి కట్టాలి. గాజుకూ గుడ్డకూ మధ్య సన్నటి ఖాళీ ఉండాలి. దుకాణంలో అలా కట్టమని అడగండి, ఒప్పుకోకపోతే దారం పని ఇంట్లో చేసి పలక, గాజు మాత్రం వాళ్ల చేత వేయించండి. దుమ్ము పడుతుందన్న మాటా నిజమే. చేతిలో తిరిగేది మాసిపోతుంది. మా ఇంట్లో అన్నింటికన్నా పాత బిస్కోర్న్యూ మూలలు నల్లబడ్డాయి. ముట్టుకున్న చోట మాసింది. గాజు వెనక ఉన్న హంసలు ఎవరూ ముట్టుకోకుండానే పసుపు పడ్డాయి. ఏ మరక మేలో నాకు అనుమానం లేదు.

ఇంకొక మాట, కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం. పెద్ద బొమ్మ మొదలుపెట్టి, మూడో వంతు దగ్గర ఆపి, బీరువాలో దాచినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లకు ఓపిక లేక కాదు. ముగింపు కనుచూపు మేరలో లేక. నలభై గడుల చదరం వారంలో పూర్తవుతుంది. రెండో వారానికి వస్తువు చేతిలో ఉంటుంది. పైగా ఆగిపోయిన బొమ్మల్లోనూ ఒక మూల పూర్తయి ఉంటుంది, ఒక పువ్వో, పిట్టో. అక్కడ నలభై గడుల మేర గీత వేసి కత్తిరించండి. పాపం అనిపిస్తుంది. బీరువాలో ఇంకో పదేళ్లు ఉంచడం కన్నా పాపం కాదు.

హంసల సంగతి చెప్పలేదు కదూ. అట్టకు అంటుకున్న భాగం దక్కలేదు. కానీ అట్ట వెనకకు మడిచిన అంచు, నాలుగు వేళ్ల వెడల్పున, బంక తగలకుండా నలభై ఏళ్ల నాటి తెలుపుతోనే ఉంది. పై అంచు నుంచి ఒక పొడవాటి ముక్క కత్తిరించాను. దాని మీద ఏం కుట్టాలో అమ్మను అడిగితే, పాత హంసల చుట్టూ వేసిన పూల అంచే మళ్లీ వేయమంది. నమూనా కాగితం ఎప్పుడో పోయింది. అమ్మ పాత గుడ్డ మీద వేలు పెట్టి, కళ్లు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో గడి చెబుతూ పోయింది. “మూడు ఎరుపు, ఒకటి వదులు, రెండు ఆకుపచ్చ.” నేను కుట్టాను. గొట్టం చేసి, నింపి, రెండో మూతి అడ్డదిశలో కుట్టడం మాత్రం తానే చేస్తానంది. వేళ్ల కీళ్లు నొప్పి, అయినా ఆఖరి కుట్టు వరకు సూది నా చేతికి ఇవ్వలేదు.

దాన్ని ఇప్పుడు ఇంటి తాళాల గుత్తికి కట్టుకుంది. మొన్న రాత్రి కరెంటు పోయినప్పుడు, చీకట్లో టేబులు మీద తడుముతూ తాళాలు వెతుకుతుంటే చేతికి ముందుగా అదే తగిలింది.